వెలుగుతున్న దీపానికి రెండో పని



ఇంట్లో కరెంటు ఎక్కువ తినే వస్తువులేవి అని అడిగితే ఏసీ, ఫ్రిజ్, గీజరు అని గబగబా చెప్పేస్తాం. ఇంకాస్త ఆలోచిస్తే ఫ్యాన్లు, లైట్లు అంటాం. హాల్లో టీవీ వెనక, చిన్న పచ్చ దీపాలు మిణుకుమిణుకుమంటూ పగలూ రాత్రీ పనిచేసే వైఫై రూటరు సంగతి మాత్రం చాలామందికి తోచదు. దాని లెక్క ఒకసారి చూద్దాం. రూటరూ దాని పక్కనుండే ఫైబరు పెట్టే కలిసి 10 వాట్లు తీసుకుంటాయనుకోండి. 10 వాట్లు అంటే ఏముంది అనిపిస్తుంది. కానీ వాటికి విశ్రాంతి లేదు. రోజుకు 24 గంటలు, ఏడాదికి 365 రోజులు. మొత్తం కలిపితే ఏడాదికి 87 యూనిట్లు దాటుతుంది. అదే హాల్లో 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు రోజుకు ఐదు గంటలు వెలిగితే ఏడాదికి అయ్యేది 16 యూనిట్లు. ఐదు బల్బులు ఏడాదంతా తినే కరెంటును మనం ఊరికే మరిచిపోయే ఆ రెండు చిన్న పెట్టెలే తింటున్నాయి.

ఇంకో సంగతి ఇంతకంటే ముఖ్యమైనది. అలాంటి రూటరు యాంటెన్నా నుంచి రేడియో తరంగాలుగా బయటికి వెళ్ళే శక్తి సాధారణంగా 100 మిల్లీవాట్ల ప్రాంతంలో ఉంటుంది, అంటే వాటులో పదోవంతు. తీసుకున్న 10 వాట్లలో మన మాటనూ మన బొమ్మనూ మోసుకుని గాలిలోకి వెళ్ళేది నూటికి ఒక వంతు. మిగిలినదంతా లోపలి చిప్పుల్లో, ఆంప్లిఫయర్లలో, అడాప్టరులో ఖర్చయి వేడిగా మారుతుంది. రూటరు మీద చెయ్యి పెట్టి చూస్తే వెచ్చగా తగిలేది ఆ వేడే. ఈ నూటికి ఒక వంతు సంగతి గుర్తుంచుకోండి. ఈ ప్రసంగంలో నేను చెప్పదలుచుకున్న అసలు విషయం దాని చుట్టూనే తిరుగుతుంది.

గదిలో వెలిగే లైటునే వార్తాహరుడిగా వాడుకుంటే కరెంటు ఆదా అవుతుందా, అన్నది ఈ రోజు ప్రశ్న. లైటు ఎలాగూ వెలుగుతోంది, ఎలాగూ బిల్లు కడుతున్నాం, ఆ వెలుగే ఇంటర్నెట్టును కూడా మోస్తే రెండో పని ఉచితంగా జరిగిపోతుంది కదా అని చాలామంది రాశారు, చెప్పారు. ఈ పద్ధతికున్న లైఫై అనే పేరు మీలో కొందరు వినే ఉంటారు. ఈ వాదనలో ఎంతో నిజముంది. ఎంతవరకు నిజమో తేల్చకుండా ఊరుకుంటే మాత్రం, కరెంటు పొదుపు పేరుతో కరెంటు ఖర్చు పెంచుకునే ప్రమాదం కూడా ఉంది.

ముందు ఇది ఎలా జరుగుతుందో చూద్దాం. పాత ఫిలమెంటు బల్బులో తీగ ఎర్రగా కాలితే వెలుగొచ్చేది. ఆ తీగ వేడెక్కడానికీ చల్లారడానికీ టైము పట్టేది కాబట్టి దాన్ని వేగంగా ఆర్పి వెలిగించడం కుదరదు. ఎల్‌ఈడీలో కాలే తీగ లేదు. అర్ధవాహకపు ముక్కలో ఎలక్ట్రాన్లు ఒక మెట్టు నుంచి ఇంకో మెట్టుకు దిగేటప్పుడు నేరుగా కాంతి పుడుతుంది. కరెంటు పెరిగితే వెంటనే వెలుగు పెరుగుతుంది, తగ్గితే వెంటనే తగ్గుతుంది. సెకనుకు లక్షలసార్లు, కోట్లసార్లు హెచ్చుతగ్గులు చేయవచ్చు. మన కంటికి అంత వేగం అందదు. సెకనుకు 200 సార్లు దాటిన మినుకు కంటికి హాని చేయదని ఈ రంగపు ప్రమాణాలు లెక్క వేసుకున్నాయి. ఇక్కడ జరిగేది దానికి వేల రెట్లు వేగం కాబట్టి మనకు గది నిండా నిలకడైన వెలుగే కనిపిస్తుంది. ఫోటోడయోడు అనే చిన్న ముక్క మాత్రం ఆ హెచ్చుతగ్గులన్నిటినీ పట్టుకుంటుంది. హెచ్చు ఒకటి, తగ్గు సున్నా. కంప్యూటరుకు కావలసింది అంతే.

కాలువలో నీళ్ళు పారుతున్నాయనుకోండి. ఆ నీటి మీద సన్నని అలలు లేపామనుకుందాం. చేను చివరికి చేరే నీళ్ళు ఎన్నో అన్నే చేరతాయి. అల ఎంత లేస్తుందో అంత పడుతుంది కాబట్టి సగటు మారదు. ఎల్‌ఈడీలో పారే కరెంటు ఆ నీళ్ళు, మన సమాచారం ఆ అలలు. చదువుకోవడానికి కావలసిన వెలుగు తగ్గదు, పైగా కబురూ చేరుతుంది. ఇంకో మాట కూడా ఈ కాలువలోనే ఉంది. నీళ్ళు లేని కాలువలో అలలు లేపలేం. కాంతి సున్నా కంటే తగ్గదు, చీకటి కంటే చీకటి లేదు. కాబట్టి అలలు పైకీ కిందికీ ఆడాలంటే కింద కొంత స్థిరమైన వెలుగు ఉండి తీరాలి. రేడియోకు ఈ ఇబ్బంది లేదు, దాని తరంగం సున్నాకు అటూ ఇటూ ఊగుతుంది. వెలుగుతో సమాచారం పంపడంలో కరెంటు లెక్కలన్నీ ఈ స్థిరమైన వెలుగు దగ్గరే మొదలవుతాయి. దీపం ఎలాగూ వెలగాల్సిన చోట అది ఖర్చు కాదు, మనం వాడుకుంటున్న వెలుతురు. దీపం అక్కర్లేని చోట అదంతా దండగ.

ఈ ఆలోచన నిన్న మొన్నటిది కాదు. టెలిఫోను కనిపెట్టిన అలెగ్జాండర్ గ్రాహం బెల్ 1880లో తన సహాయకుడు చార్లెస్ సమ్నర్ టెయింటర్‌తో కలిసి వాషింగ్టన్ నగరంలో ఫోటోఫోను అనే పరికరాన్ని నడిపించాడు. మాట్లాడితే వణికే పలుచని అద్దం మీద ఎండ పడేలా చేశాడు. ఆ వణుకు ఎండలోకి ఎక్కింది. రెండు వందల మీటర్ల అవతల సెలీనియం ముక్క ఆ ఎండలోని వణుకును పట్టుకుని మళ్ళీ మాటగా మార్చింది. అంతదూరం మాటను మోయడానికి ఆయన ఖర్చు పెట్టిన కరెంటు ఏమీ లేదు, మోసింది సూర్యుడే. టెలిఫోను కంటే ఇదే తన గొప్ప ఆవిష్కరణ అని బెల్ నమ్మాడు. మబ్బు పడితే మాట ఆగిపోయేది కాబట్టి లోకం దాన్ని పక్కన పెట్టింది. మన జగదీశ్ చంద్ర బోస్ కూడా ఇక్కడ గుర్తుకు రావాలి. గెలీనా స్ఫటికంతో ఆయన చేసిన గ్రాహకానికి 1904లో అమెరికా పేటెంటు వచ్చింది. అది రేడియో తరంగాలకే కాక కాంతికి కూడా స్పందించేది. రేడియో, కాంతి ఒకే కుటుంబమని, రెండింటినీ పట్టే ఒకే కన్ను ఉండొచ్చని నూట ఇరవై ఏళ్ళ కిందట కలకత్తాలో కూర్చుని చేసి చూపించిన మనిషి ఆయన.

తర్వాత చాలాకాలం గదిలోని దీపానికి ఆ వేగం లేక కథ ఆగింది. 1990ల మొదట్లో జపానులో ప్రకాశవంతమైన నీలి ఎల్‌ఈడీ వచ్చింది. దాన్ని తయారుచేసిన అకసాకి, అమానో, నకామురాలకు 2014లో భౌతికశాస్త్ర నోబెల్ వచ్చింది దీనికే. నీలి ఎల్‌ఈడీ మీద పసుపు ఫాస్ఫర్ పూత వేస్తే తెల్లని వెలుగు. ఆ తెల్లని వెలుగును సమాచారానికి వాడవచ్చని కెయో విశ్వవిద్యాలయంలో మసావో నకగావా బృందం 2000 తర్వాతి తొలి ఏళ్ళలో వరసగా లెక్కలు కట్టి చూపించింది. 2011లో ఎడిన్‌బరో విశ్వవిద్యాలయపు హరాల్డ్ హాస్ ఒక వేదిక మీద బల్ల దీపం వెలుగుతో వీడియో పంపి చూపించాడు. లైఫై అనే పేరు ప్రపంచమంతా పాకింది అప్పుడే. అదే ఏడాది ఐఈఈఈ సంస్థ దృశ్యకాంతి ప్రసారానికి 802.15.7 అనే ప్రమాణాన్ని వెలువరించింది.

మన దేశం సంగతికొస్తే, 2015 జనవరిలో మొదలైన ఉజాలా పథకం కింద 36 కోట్లకు పైగా ఎల్‌ఈడీ బల్బులు ఇళ్ళకు చేరాయి. 60 వాట్ల బల్బు ఉన్నచోట 9 వాట్ల బల్బు వచ్చింది. వేగంగా ఆడగల దీపం ఇప్పుడు దాదాపు ప్రతి ఇంటి కప్పుకూ వేలాడుతోంది. అయితే ఆ బల్బు అలా ఉన్నపళంగా ఇంటర్నెట్టు పంపదు. దానికి అడ్డు ఏమిటో తెలిస్తే కరెంటు లెక్క కూడా తెలుస్తుంది.

ఎల్‌ఈడీ బల్బు విప్పితే లోపల చిన్న సర్క్యూట్ బోర్డు కనిపిస్తుంది. దాన్ని డ్రైవరు అంటారు. గోడలోంచి వచ్చే 230 వోల్టుల ఏసీ కరెంటును ఎల్‌ఈడీకి కావలసిన నిలకడైన డీసీగా మార్చడం దాని పని. మంచి డ్రైవరు తనకొచ్చిన వంద వాట్లలో తొంభై వాట్ల దాకా ఎల్‌ఈడీకి అందిస్తుంది. అంత పొదుపుగా ఎలా చేస్తుందంటే, దానిలోని ట్రాన్సిస్టరు పూర్తిగా తెరుచుకునో, పూర్తిగా మూసుకునో ఉంటుంది. రెండు స్థితుల్లోనూ వృథా తక్కువ. సగం తెరిచి ఉంచితే ఆ ట్రాన్సిస్టరే వేడెక్కుతుంది.

వెలుగులో అలలు లేపడానికి తేలిక మార్గం ఆ సగం తెరిచే మార్గమే. ప్రయోగశాలల్లో తొలిరోజుల్లో చాలామంది చేసింది అదే. వేగం రికార్డులు వచ్చాయి, పత్రికల్లో వార్తలు వచ్చాయి, ట్రాన్సిస్టరు ఎంత కాలిందో మాత్రం ఎవరూ పెద్దగా అడగలేదు. ఒక లెక్క వేసి చూపిస్తాను. ఇవి లెక్క తీరు తెలియడానికి నేను పెట్టుకున్న అంకెలు. ఆఫీసుల్లో ఫాల్స్ సీలింగుకు బిగించే చదరపు ప్యానెల్ లైటు ఉంటుంది కదా, దానిలోని ఎల్‌ఈడీలకు 36 వాట్లు కావాలనుకుందాం. మామూలు డ్రైవరు నూటికి తొంభై అందిస్తే గోడనుంచి 40 వాట్లు తీసుకుంటుంది. సమాచారం కోసం డ్రైవరును మార్చాక అది నూటికి డెబ్భై ఐదే అందిస్తోందనుకోండి. ఇప్పుడు 48 వాట్లు కావాలి. ప్యానెల్‌కు 8 వాట్లు అదనం. హాల్లో 20 ప్యానెళ్ళుంటే 160 వాట్లు అదనం. అదే హాలుకు 15 వాట్ల వైఫై పెట్టెలు రెండు సరిపోయేవి, మొత్తం 30 వాట్లు. ఉచితం అనుకున్న కబురు వైఫై కంటే ఐదు రెట్ల ఖరీదైంది.

అందుకే ఈ రంగంలో నాకు వేగం రికార్డుల కంటే పవర్ ఎలక్ట్రానిక్స్ ఇంజనీర్ల పని విలువైనదిగా కనిపిస్తుంది. స్పెయిన్‌లో ఓవియెడో విశ్వవిద్యాలయం పరిశోధకులు ఏళ్ళ తరబడి ఇదే పట్టుకుని కూర్చున్నారు. వాళ్ళ ఆలోచన వినడానికి సులువు. దీపానికి కావలసిన శక్తిలో ఎక్కువ భాగాన్ని మామూలు, నెమ్మదైన, పొదుపైన సర్క్యూటే అందిస్తుంది. పైన ఆడే అలల వరకు మాత్రం వేరొక వేగమైన సర్క్యూటు చూసుకుంటుంది. ఇందాకటి ప్యానెల్‌నే తీసుకోండి. 36 వాట్లలో 30 వాట్లు పాత డ్రైవరు నుంచే వస్తాయి, నూటికి తొంభై చొప్పున. 6 వాట్లు మాత్రమే వేగమైన సర్క్యూటు నుంచి, నూటికి డెబ్భై ఐదు చొప్పున. మొత్తం 41 వాట్ల పైచిలుకు. అదనం ఒక వాటు, ఇంకొంచెం. ఇరవై ప్యానెళ్ళకు 27 వాట్లకు మించదు. 160 ఎక్కడ, 27 ఎక్కడ? వేగం అదే, వెలుగు అదే, తేడా అంతా సర్క్యూటు అమరికలో ఉంది. నూటికి ఒక వంతు అని మొదట్లో చెప్పానే, దాని అర్థం ఇదే. కబురు మోసే శక్తి ఎప్పుడూ స్వల్పమే, రేడియో అయినా కాంతి అయినా. ఖర్చంతా దాన్ని తయారుచేసే సర్క్యూటులోనే ఉంటుంది. కాబట్టి మోసే శక్తి ఉచితమని సంబరపడితే చాలదు.

అలలను ఎలా లేపాలన్నదానిలోనూ కరెంటు ఉంది. వెలుగును హెచ్చు, తగ్గు అనే రెండు మెట్లలోనే ఆడిస్తే ట్రాన్సిస్టరుకు సుఖం, వృథా తక్కువ, కానీ వేగం పరిమితం. మామూలు తెల్ల ఎల్‌ఈడీలో పసుపు పూత నెమ్మదిగా స్పందిస్తుంది కాబట్టి కొన్ని మెగాహెర్ట్జ్ దగ్గరే అలలు మొద్దుబారతాయి. గ్రాహకం ముందు నీలి గాజు అడ్డం పెట్టి, పసుపును వదిలేసి, నీలాన్ని మాత్రమే చదివితే 20 మెగాహెర్ట్జ్ దాకా పోవచ్చు. అంతకంటే వేగం కావాలంటే ఎన్నో సన్నని అలలను ఒకేసారి కలిపి పంపే పద్ధతి ఉంది, 4జీ ఫోనులోనూ వైఫైలోనూ వాడేది అదే, ఓఎఫ్‌డీఎం అంటారు. అలలన్నీ ఒక్కోసారి ఒకేచోట లేచి పెద్ద శిఖరం అవుతాయి. ఆ శిఖరం తెగిపోకుండా పంపాలంటే ట్రాన్సిస్టరును సగం తెరిచే ఉంచాలి. మళ్ళీ వేడి, మళ్ళీ వృథా. ఆస్ట్రేలియాలో మోనాష్ విశ్వవిద్యాలయపు జీన్ ఆర్మ్‌స్ట్రాంగ్ 2006లో స్థిరమైన వెలుగు ఖర్చు తగ్గించడానికి ఒక దారి చూపింది. అలల కింది సగాన్ని పూర్తిగా కత్తిరించి పై సగాన్నే పంపినా, అలలను సరైన వరసలో ఎంచుకుంటే అవతల సమాచారం చెడకుండా తీసుకోవచ్చని నిరూపించింది. కింది సగం లేదు కాబట్టి స్థిరమైన వెలుగు అవసరం బాగా తగ్గుతుంది. రాత్రి దీపం మందంగా పెట్టుకున్న గదిలో ఇది అక్కరకొస్తుంది. బదులుగా వేగం సగమవుతుంది. నిండు వెలుగు ఉన్న ఆఫీసులో దీని అవసరం లేదు, అక్కడ స్థిరమైన వెలుగు ఎలాగూ కావాలి. ఏ గదికి ఏ పద్ధతి అన్నది ఆ గదిలో దీపం ఎంత వెలుగుతుందన్నదాన్ని బట్టి తేల్చుకోవాలి.

దూరం సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే ఈ పద్ధతి గది లోపలికే ఎందుకు సరిపోతుందో దానితో తేలిపోతుంది. దీపానికి రెండింతల దూరం జరిగితే మీద పడే వెలుగు నాలుగో వంతు అవుతుంది. ఇది బడిలో చదువుకున్నదే. కానీ ఫోటోడయోడు పడ్డ వెలుగుకు తగినంత కరెంటునిస్తుంది, విద్యుత్ శక్తి ఆ కరెంటుకు వర్గం. కాబట్టి అందే సంకేతపు శక్తి పదహారో వంతు అవుతుంది. రేడియోలో నాలుగో వంతే అయ్యేది. దూరానికి కాంతి చెల్లించే పన్ను ఇంత ఎక్కువ. దీనికి మందు ఒక్కటే, దీపాన్ని మనిషికి దగ్గరగా ఉంచడం. పెద్ద దీపం ఒకటి నడి కప్పులో పెట్టడం కంటే చిన్న దీపాలు చాలా పెట్టి, మనిషి కూర్చున్న చోటి దీపాన్నే మాట్లాడించడం మేలు. ఎల్‌ఈడీకి ఇంకో గుణం కూడా ఉంది. తక్కువ కరెంటులో నడిపితే వాటుకు వచ్చే వెలుగు పెరుగుతుంది. చిన్న దీపాలు ఎక్కువ పెట్టడం అటు వెలుగుకూ ఇటు కబురుకూ రెండిందాలా లాభం. వెలుగు గోడ దాటదు కాబట్టి పక్కగది దీపం ఈ గది దీపానికి అడ్డురాదు. అపార్ట్‌మెంటులో పది ఫ్లాట్ల రూటర్లు ఒకదాని గొంతు మీద ఒకటి అరుచుకుంటూ, చేరని కబురును మళ్ళీ మళ్ళీ పంపుతూ వృథా చేసే కరెంటు ఇక్కడ మిగులుతుంది.

ఇప్పుడు పగటి సంగతి. మన తెలుగు నేలమీద ఏడాదిలో చాలా రోజులు నిండైన ఎండ. పగలు కిటికీ తెరిస్తే చాలు, దీపం అక్కర్లేదు. ఇంటర్నెట్టు కోసమని పగటిపూట దీపం వెలిగిస్తే, లేక దీపం బాగా పనిచేయాలని కర్టెన్లు మూసుకుంటే, అది పొదుపు కానే కాదు. ఇంట్లో 9 వాట్ల బల్బును కబురు కోసం 24 గంటలూ వెలిగిస్తే దాని ఖర్చు రూటరు ఖర్చుకు దాదాపు సమానమవుతుంది, ఆపైన వేగమైన సర్క్యూటు ఖర్చు అదనం. నా తీర్పు స్పష్టంగా చెబుతాను. మామూలు ఇంటికి, కిటికీలున్న గదికి, కరెంటు ఆదా పేరుతో దృశ్యకాంతి ఇంటర్నెట్టు అమ్మజూపితే ఒప్పుకోనక్కర్లేదు.

దృశ్యకాంతి ఒక్కటే మార్గం కాదు. 2023లో వచ్చిన లైఫై ప్రమాణం, ఐఈఈఈ 802.11బీబీ, కంటికి కనిపించని పరారుణ కాంతిని ఎంచుకుంది, 800 నుంచి 1000 నానోమీటర్ల తరంగాలు. దీపం ఆర్పినా పనిచేస్తుంది, ఫోను నుంచి తిరిగి పంపడానికీ వీలు. ఫోను నుంచి కళ్ళలో పడే తెల్లని వెలుగు పంపడం ఎవరూ భరించరు కాబట్టి తిరుగు దారికి పరారుణమే గతి. అయితే ఒకటి గమనించాలి. పరారుణం వెలుతురునివ్వదు. దానికి పెట్టే ప్రతి మిల్లీవాటూ కబురు కోసమే ప్రత్యేకంగా పెట్టాలి. దీపం ఎలాగూ వెలుగుతోంది కదా అన్న పాత వాదన ఈ పరికరాలకు వర్తించదు. రెండిటినీ లైఫై అనే పిలుస్తారు కాబట్టి కొనేవాళ్ళు ఏ కాంతి అని అడిగి తెలుసుకోవాలి.

మరి ఈ విద్య ఎక్కడ నిజంగా పనికొస్తుంది? పగలూ రాత్రీ దీపాలు వెలగక తప్పని చోట. హైదరాబాదులో మాదాపూర్, గచ్చిబౌలి వైపు అద్దాల మేడలు చూడండి. బయట ఎంత ఎండ ఉన్నా, బ్లైండ్లు దించి, లోపల వరసలు వరసలుగా ప్యానెల్ లైట్లు వెలుగుతుంటాయి. రాత్రి షిఫ్టులకూ వెలుగుతాయి. అపార్ట్‌మెంట్ల సెల్లార్లు చూడండి. రోజంతా లైట్లు, ఫోనుకు సిగ్నలు మాత్రం అందదు. ఆస్పత్రి లోపలి వరండాలు, ఆపరేషను థియేటర్లు, భూగర్భ గోదాములు. ఇలాంటి చోట్ల స్థిరమైన వెలుగుకు డబ్బు ఎలాగూ కట్టేశాం. అదనపు సర్క్యూటుకే కట్టాలి, అది ఒక వాటు లోపో పైనో ఉంచితే లాభం ఖాయం.

దీనికి నిజమైన ఉదాహరణలున్నాయి. ఫ్రాన్సులో లీల్ నగరంలోని కారెఫోర్ దుకాణంలో 2015లో ఫిలిప్స్ సంస్థ పాత లైట్లు తీసేసి రెండున్నర కిలోమీటర్ల పొడవున ఎల్‌ఈడీ లైట్లు అమర్చింది. ఒక్కో లైటు తన గుర్తును వెలుగులోనే కలిపి పంపేది. కొనడానికి వచ్చినవాళ్ళ ఫోను కెమెరా ఆ గుర్తును చదివి, కావలసిన సరుకు ఏ అరలో ఉందో దారి చూపేది. లైటింగు కరెంటు సగానికి తగ్గుతుందని సంస్థ చెప్పింది. ఆ సగం ఎల్‌ఈడీ వల్ల వచ్చిన ఆదా, కబురు వల్ల కాదు. కానీ కబురు ఆ ఆదాను చెడగొట్టలేదు. లైటు గుర్తు అంటే కొద్ది అక్షరాలు, దానికి వేగం అక్కర్లేదు, రెండు మెట్ల ఆట చాలు. తక్కువ వేగంతో సరిపెట్టుకునే పనులే ఈ విద్యకు కరెంటు పరంగా అసలైన చోటని నా అభిప్రాయం.

ఆంస్టర్‌డాంలో ది ఎడ్జ్ అనే ఆఫీసు భవనం ఇంకో అడుగు ముందుకు వేసింది. అక్కడ ఎల్‌ఈడీ దీపాలకు విడిగా కరెంటు తీగ లేదు. నెట్‌వర్కు కేబులే కరెంటునూ డేటానూ కలిపి తెస్తుంది. ఎవరు ఏ బల్ల దగ్గరున్నారో లైటు గుర్తుతో ఫోనుకు తెలుస్తుంది, తన తల మీది దీపాన్ని తనే పెంచుకోవచ్చు, తగ్గించుకోవచ్చు. మనుషులు లేని చోట దీపాలు వాటంతటవే మందగిస్తాయి. దీపం ద్వారా వెళ్ళే కబురు దీపాన్నే ఆర్పడానికి పనికొస్తోందన్నమాట. కబురు పంపడానికి ఖర్చయ్యే వాటు కంటే కబురు వల్ల ఆరిపోయే వాట్లు ఎక్కువయ్యే వీలుంది. కరెంటు ఆదాకు ఇంతకంటే మంచి దారి నాకు కనిపించదు.

అందుకునే వైపు కూడా ఒక మంచి పని జరిగింది. 2015లో ఎడిన్‌బరో పరిశోధకులు ఫోటోడయోడు బదులు మామూలు సోలారు ఫలకాన్ని గ్రాహకంగా పెట్టారు. సెకనుకు 11.84 మెగాబిట్ల వేగం సాధించారు. ఫలకం కబురు అందుకుంటూనే అదే వెలుగు నుంచి కొంత కరెంటు కూడా తయారుచేసింది. గదిలోని ఉష్ణోగ్రత కొలిచే చిన్న పరికరం, ఆస్పత్రిలో మంచం పక్కనుండే సెన్సారు, సూపర్ మార్కెట్లో ధర చూపే చిన్న తెర, ఇలాంటివి బ్యాటరీ మార్చే బాధ లేకుండా ఏళ్ళ తరబడి దీపం వెలుగు మీదే బతకవచ్చు. ఫోనుకు అది చాలదు, ఫోను ఆకలి పెద్దది. కానీ పారేసే బ్యాటరీలు తగ్గడం కూడా పొదుపే, పైగా చెత్తకుప్పల్లో రసాయనాలు తగ్గుతాయి.

ఇంకొక్క చిక్కు చెప్పకపోతే లెక్క పూర్తి కాదు. దీపాలతో కబురు పంపే ఏర్పాటు చేశాక పాత వైఫై పెట్టెలు కూడా అలాగే వెలుగుతుంటే మొత్తం ఖర్చు పెరిగిందే తప్ప తగ్గలేదు. దీపం భారం మోస్తున్నప్పుడు వైఫై నిద్రపోవాలి, మనిషి గది దాటితే మేలుకోవాలి. ఈ నిద్ర మేలుకొలుపులు నడిపే సాఫ్ట్‌వేరు లేకుండా పెట్టే ఏ ఏర్పాటునైనా పొదుపు అని పిలవడం నాకు సమ్మతం కాదు.

మన ఊళ్ళలో కొత్త ఆఫీసులు, ఆస్పత్రులు, షాపింగ్ మాల్‌లు కట్టిస్తున్న వాళ్ళకూ, వాటికి లైటింగు డిజైను చేసే ఇంజనీర్లకూ, ఇంజనీరింగ్ కాలేజీల్లో దీన్ని ప్రాజెక్టుగా ఎంచుకుంటున్న పిల్లలకూ నా విన్నపం ఒకటే. సెకనుకు ఎన్ని గిగాబిట్లు అని అడిగే ముందు, కబురు మొదలయ్యాక మీటరు మీద అదనంగా ఎన్ని వాట్లు పడుతున్నాయో కొలవండి. కబురు లేనప్పుడు ఎన్ని, ఉన్నప్పుడు ఎన్ని, దీపం మందంగా ఉన్నప్పుడు ఎన్ని, ఈ మూడూ రాసి పెట్టండి. అమ్మేవాళ్ళను ఆ మూడు అంకెలూ అడగండి, చెప్పలేకపోతే కొనకండి. ఇంట్లో ఉన్నవాళ్ళు లైఫై వచ్చేదాకా ఎదురుచూడనక్కర్లేదు. రాత్రి పడుకునే ముందు రూటరు స్విచ్చి ఆపండి. ఎనిమిది గంటల చొప్పున ఏడాదికి 29 యూనిట్లు మిగులుతాయి.